బాపు తంగేడు

మా బాపు హనుమండ్లు ముప్పై ఏళ్లు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పని చేశాడు. ఊపిరితిత్తులు పాడై, దగ్గు తప్ప ఏమీ మిగలక మంచిర్యాల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చేసరికి నేను పెళ్లయి కరీంనగర్‌లో కాపురముంటున్నాను. ఆ చివరి ఏడాది ఆయన ఎలా గడిపాడో అప్పట్లో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పెరట్లో దడి పక్కన తనంతట తానే మొలిచిన తంగేడు చెట్టొకటి ఉండేది. బాపు దాని దగ్గర నులకమంచం వేయించుకుని రోజంతా సీతాకోకచిలుకలను చూస్తూ ఉండేవాడట. బాయిలో ఉన్నన్నాళ్లూ తెల్లవారకముందే దిగి, పొద్దుగూకాక పైకొచ్చిన మనిషి. తను స్నానం చేసిన నీళ్లు ఆ చెట్టుకే పోయించేవాడట. ఆకుల మీది గొంగళిపురుగులను నేను అవ్వ అని పిలిచే మా అమ్మ లింగవ్వ చీపురుతో దులపబోతే మంచం మీంచి లేచి అడ్డం పడ్డాడట. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి!

పందొమ్మిది వందల అరవై ఐదో సంవత్సరం, వానలు మొహం చాటేసిన ఏడు, నేను బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చాను. మర్నాడే సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. ఇంకా చేతిలో సంచి దించనేలేదు, బాపు పెరట్లోంచి పిలిచాడు.

"జర ఇటు రా బిడ్డా, గిక్కడ కూసో. గీ కొమ్మల కింద సూడు, పదకొండు గూళ్లున్నయ్. రేపో ఎల్లుండో పలుగుతయ్. నువ్వు దగ్గరుండంగ పలిగితే మంచిగుంటదని సూస్తున్న."

వంగి చూశాను. ఆకుల అడుగున, ఆకు రంగులోనే, చిన్నచిన్న కాయల్లాంటి సీతాకోకచిలుకల గూళ్లు వేలాడుతున్నాయి.

"మంచిగున్నయ్ బాపూ. పండుగ పని మస్తున్నది, మల్లొచ్చి కూసుంట" అన్నాను. మళ్లీ వెళ్లలేదు.

నా మనసంతా బతుకమ్మ మీదే ఉంది. పక్కింటి శంకరవ్వ కోడలు పోయినేడు నడుమెత్తు బతుకమ్మ పేర్చి ఊరందరి చేతా ఔరా అనిపించుకుందట. నాకు ఒళ్లు మండింది. ఈసారి దాన్ని మించాలి. కానీ వానల్లేక గట్ల మీద తంగేడు అరకొరగా పూసింది. ఆ కాస్తా పొద్దుపొడవకముందే ఎవరో కోసుకుపోయారు. గునుగు దొరికింది, కట్లపూలు దొరికాయి, బంతి ఇంట్లోనే ఉంది. తంగేడు లేకుండా బతుకమ్మ ఏమిటి? పది మందిలో తలెత్తుకునేదెలా?

పండుగనాటి మధ్యాహ్నం బాపుకు చాలాసేపు దగ్గాక కునుకు పట్టింది. అవ్వ సత్తుపిండి విసరడానికి బయటికి పోయింది. చెట్టు నిండా పసుపుపచ్చగా పూలు. కొడవలి తీసుకున్నాను. పూలు మాత్రమే దూసుకోవచ్చు. కాని కాడలతో కోసి కట్టలు కడితేనే పెద్ద బతుకమ్మ నిలబడుతుంది. అందుకని కొమ్మలకు కొమ్మలే నరికాను. గూళ్లు గుర్తుకు రాలేదా అంటే, వచ్చాయి. పురుగుల కోసం పండుగ ఆపుకుంటామా అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఆ సాయంత్రం నా బతుకమ్మను చూసి శంకరవ్వ కోడలు ముక్కున వేలేసుకుంది. అందరితో ఆడి, పాడి, బతుకమ్మను వాగులో సాగనంపి, పట్టరాని సంబరంతో ఇంటికొచ్చాను. బాపు మంచం మీద కూర్చుని మోడు వైపు చూస్తున్నాడు. అవ్వ నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"పూలు సరిపోయినయా బిడ్డా?" అన్నాడు బాపు.

తిట్టి ఉంటే బాగుండేది. ఎదురు మాట్లాడి, అలిగి, ఏదో ఒకటి చేసేదాన్ని. ఆ మెత్తని గొంతుకు తట్టుకోలేక నోటికొచ్చింది అనేశాను.

"గూళ్లు పలిగినయ్ బాపూ. నేను పూలు కోస్తుంటెనే ఒకటెనుక ఒకటి పలిగి ఎగిరిపోయినయ్. ఎంత సక్కగున్నయో!"

ఆయన నన్నే చూశాడు. "అవునా? ఏం రంగున్నయ్?"

నాకేం తెలుసు?

"ఎర్రగున్నయ్. రెక్కల మీద నల్ల సుక్కలు."

ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"మంచిగైంది తీ. నువ్వన్న సూసినవ్."

దసరా దాకా ఉన్నాను గాని, ముఖం చెల్లక ఆ మంచం దరిదాపులకు పోలేదు. దసరా మర్నాడే బస్సెక్కాను. దీపావళి రాకముందే బాపు పోయాడు.

దినాల నాడు, చుట్టాలు భోజనాలకు కూర్చుంటుండగా అవ్వ నా పక్కకు వచ్చింది. నేను రాకముందే ఆ చెట్టు మీద ఆరేడు గూళ్లు పగిలాయట. పగిలినప్పుడల్లా బాపు పొయ్యి దగ్గరున్న తనను కేకేసి పిలిచేవాడట. అన్నీ తెల్లనివేనట, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు.

"ఒక్కటి గూడ ఎర్రది లేకుండె. నువ్వేమో ఎర్రగున్నయంటివి. గిదేందయ్యా అని మీ బాపునడిగితే, 'బిడ్డనేం అడగకే, నాకెరుకైందని తెలిస్తే బాధపడతది' అన్నడు" అంది అవ్వ.

అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను. తండ్రి పోయిన దుఃఖమనుకుని అందరూ నన్ను ఓదార్చారు.