హన్మవ్వ బొటనవేలు

బోధన్‌లో చెరకు రైతులకు పైసలిచ్చే సహకార బ్యాంకులో లింబాద్రి గుమాస్తా. హైదరాబాదు పోయి వేలిముద్రలు పోల్చే పని నేర్చుకొచ్చాడేమో, మెడ కాస్త నిటారుగానే ఉండేది. దొంగముద్రలు పట్టి పట్టి పెద్ద ఆఫీసరు కావాలని అతని ఆశ. ఆశకేం, ఉండనివ్వండి.

అరవై ఎనిమిది వేసవిలో వర్ని నుంచి హన్మవ్వ వచ్చింది, తను తోలిన చెరకుకు పైసలు తీసుకోవడానికి. ఆమె వేసిన ముద్రను లింబాద్రి భూతద్దం కింద పెట్టి చూశాడు. నల్లటి మచ్చ ఉంది గానీ ఒక్క గీత లేదు. మళ్లీ వేయించాడు, మళ్లీ అంతే. బ్యాంకులో ఉన్న ఆమె పాత కార్డు మీద మాత్రం నిండైన గీతల సుడి ఉంది.

"మైనం పూసుకొచ్చింది. పోలీసులను పిలువు," అన్నాడు మేనేజరు. ఆయన భయం ఆయనది. పోయిన ఏడు ఒకడు సాక్షిని వెంటబెట్టుకొచ్చి, చనిపోయిన రైతు పైసలు దర్జాగా ఎత్తుకుపోయాడు. అప్పటి నుంచి సాక్షులు చెల్లరు, వేలే చెప్పాలి.

"నేనే సారూ హన్మవ్వను! మిరుగు కార్తె లోపల ఎడ్లు కొనకుంటే పొలం పడావు పడ్తది," అని గొల్లుమంది ఆమె.

లింబాద్రి ఆమె చెయ్యి పట్టి చూశాడు. వేలు పచ్చగా, గాజు గోలీలా నున్నగా ఉంది.

"ఏం పని జేస్తున్నవవ్వా?"

"పొద్దంత గోనెపట్ట మీద పసుపు కొమ్ములు రుద్దుతున్న. కూలికి."

అప్పుడతనికి హైదరాబాదులో పాఠం చెప్పిన ముసలాయన గుర్తొచ్చాడు. అరిగిన గీత లోపలి నుంచి మళ్లీ అట్లాగే పుడుతుందని ఆయనంటే, ముసలాయన కోతలు కోస్తున్నాడని లింబాద్రి వెనక బెంచీలో నవ్వుకున్నాడు.

"ఒక నెల ఆగుదాం సార్," అన్నాడు మేనేజరుతో.

"గీతలు రాకపోతే ఆమె జైలుకు, నువ్వు ఇంటికి."

లింబాద్రి హన్మవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, నెల దాకా పసుపు ముట్టకు. ఆముదం రాసి గుడ్డ కట్టుకో."

ఆ నెలంతా అతను ఎక్కడ కూర్చున్నా తన బొటనవేలినే చూసుకునేవాడు.

తొలకరి ముందు హన్మవ్వ వచ్చి గుడ్డ విప్పింది. లింబాద్రి సిరా పూసి, ముద్ర వేయించి, భూతద్దం పెట్టాడు. సుడి తిరిగొచ్చింది! పాత కార్డులో సుడి నడుమ ఒక గీత చీలి మళ్లీ కలుస్తుంది. ఇక్కడా అదే చోట చీలింది, అదే చోట కలిసింది. ఇంత పని చేసి అరిగిపోయిన వేలికి ఇదంతా ఎవరు గుర్తు చేశారు? దొంగల్ని పట్టే పని అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ ముసలావిడ చేతికి దండం పెట్టాలనిపించింది. మేనేజరు అద్దం లాక్కుని వంగి, రెండు ముద్రలూ పోల్చి, పైసల కాగితం మీద సంతకం పెట్టాడు.

"ఏమాయె సారూ? నేను నేనేనా?"

"నువ్వే అవ్వా," అన్నాడు లింబాద్రి. "ఈ దునియాల ఇంకెవరూ నువ్వు గారు."

పైసలు కొంగున ముడేసుకుని ఆమె లేచింది. సిరా తుడుచుకోమని అతను గుడ్డ ముక్క అందిస్తే, వేలు వెనక్కి తీసుకుంది.

"ఉండనీ సారూ. ఊర్లె అందరికి సూపిస్త."