కాఫీతో మింగిన మాత్ర

నేను ఒక స్టీలు గ్లాసును. తెనాలి గిన్నెల కొట్టులో నన్ను కొన్న పెద్దమనిషి నా ఒంటి మీద తన పేరు ఇంటిపేరుతో సహా చెక్కించి, ఎవరిదో గృహప్రవేశంలో చదివించాడు. పుచ్చుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా నన్ను ఇంకో పెళ్లిలో చదివించారు. అలా మూడిళ్లు మారినా అటక తప్ప ఏమీ చూడలేదు. తమకు అక్కరలేనిదాన్ని మనుషులు ఎంతో ప్రేమగా ఇస్తారు.

నాలుగో ఇల్లు సుభాషిణిది. నాలో మొదటిసారి కాఫీ పోసింది ఆమే. యాభై దాటిన మనిషి, జాకెట్లు కుడుతుంది. రెండేళ్ల కిందట థైరాయిడ్ అన్నారు. రోజూ మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గలేదు. జుట్టు దువ్వెనకు చుట్టుకొచ్చేది. వేళ్లు తిమ్మిరెక్కి సూది జారిపోయేది. కుట్టించుకునేవాళ్లు ఒక్కొక్కరే వీధి చివరి కొట్టుకు మళ్లారు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మిషను అమ్ముకోవాల్సిందే.

క్లినిక్కుకు వెళ్లినప్పుడల్లా ఫ్లాస్కుతో పాటు నేనూ సంచిలో ఉండేదాన్ని. ఆమె భర్త జనార్దనరావుకు బయటి కాఫీ పడదు. డాక్టరుగారు మాట్లాడేదీ ఆయనతోనే.

"ఏవంటున్నారు మీ ఆవిడ?"

"ఓపిక లేదంటోందండీ. వేళ్లు తిమ్మిరంట."

"వయసండీ. కాస్త నడవమనండి."

ఆమె నోరు తెరిచేలోగా మోతాదు పెరిగేది, తరవాతివారి కోసం బెల్లు మోగేది. అలా మూడుసార్లు పెంచారు. ఆ మూడుసార్లూ డాక్టరుగారు ఆమె మొహం చూసిన సమయమంతా కలిపినా నాలో గుక్కెడు కాఫీ చల్లారదు.

ఒకరోజు పొద్దున్నే పరగడుపున రక్తపరీక్షకు వెళ్లాం. రక్తం ఇచ్చాక సుభాషిణి నాలో కాఫీ పోసుకుని, థైరాయిడ్ మాత్ర, కాల్షియం బిళ్ల కలిపి మింగేసింది. రక్తం తీసిన నసీమా దూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆంటీ! కాఫీతోనా? రోజూ ఇంతేనా?"

"ఇంతేనమ్మా. పొద్దున్నే నేను కూర్చునేదే ఆ కాఫీకి."

"అయ్యో! ఉత్త నీళ్లతో వెయ్యాలి ఆంటీ. గంట ఆగి కాఫీ. కాల్షియం నాలుగ్గంటలు పోయాక. లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు. డాక్టరుగారు చెప్పలేదా?"

"నాతో మాట్లాడితే కదా చెప్పడానికి!" వేళ్ల తిమ్మిరి సంగతి విని నసీమా ఇంకో రెండు పరీక్షల పేర్లు కూడా చెప్పింది.

నాకు సిగ్గేసింది. రెండేళ్లుగా ఆ మాత్రకు అడ్డుపడింది నేను మోసిన కాఫీయేనన్నమాట. నాకు చదువు లేదు, గోడకు పట్టాలు వేలాడదీసుకున్నాయనకు ఏమైందో!

ఆ రోజు లోపలికి వెళ్లగానే సుభాషిణి తనే మొదలుపెట్టింది. "తిమ్మిర్లకి బి ట్వెల్వ్, డి విటమిన్ పరీక్షలు రాయండి."

"ఫోన్లో చూసొచ్చారా?" అన్నారు డాక్టరుగారు. జనార్దనరావు నవ్వబోయాడు.

"మీరుండండి," అంది భర్తతో. "రాసేదాకా లేవనండీ. ఈ వేళ్లే నా బతుకు."

బెల్లు రెండుసార్లు మోగింది. ఆమె కదల్లేదు. ఆయన రాశారు.

బి ట్వెల్వ్ అడుగంటింది, డి విటమిన్ దానికి తోడు. రిపోర్టు చూసి ఆయన గంభీరంగా తలూపారు. "నేనెప్పుడో అనుకున్నా."

"ఎప్పుడండీ?" అంది సుభాషిణి.

ఆయన కంప్యూటర్లోకి చూడసాగారు.

ఇప్పుడు తెల్లవారగానే నాలో నీళ్లు పోస్తుంది. తను తాగే వేళ వరకు ఎవరికీ కాఫీ కలపనంది. ఆ గంటా జనార్దనరావు పడే బాధ ఏ పరీక్షలోనూ తేలదు.

బి ట్వెల్వ్ ఇంజెక్షన్లు మొదలై మూడు నెలలైంది. సూదిలోకి దారం వెళుతోంది. మూలన పెట్టిన జాకెట్లకు హుక్కులు పడుతున్నాయి. జుట్టు మాత్రం ఇంకా రాలుతోంది. దాని సంగతి అడగడానికి సోమవారం క్లినిక్కుకు బయల్దేరుతూ సంచిలో మంచినీళ్ల సీసానూ నన్నూ సర్దుకుంది. జనార్దనరావు చొక్కా వేసుకుంటుంటే, "మీరెందుకండీ? జుట్టు నాది," అని చెప్పులేసుకుంది.