పెద్దమ్మ గొంతు

జనగామలో మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు. ముందు వరుసలో ప్రిన్సిపాల్‌కూ, కాలేజీ కమిటీ చైర్మన్ రామ్మోహన్‌కూ మధ్య కుర్చీలో నన్ను ఇరికించారు. హైదరాబాద్‌లో జరుగుతున్న టెక్నాలజీ సదస్సు ప్రారంభోపన్యాసాన్ని తెర మీద లైవ్‌లో చూస్తున్నాం. ఇదంతా నా నిర్వాకమే. మాట్లాడిన తెలుగును రాతలోకి మార్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను చూపిస్తున్నారు. దానికోసం మన జిల్లా గొంతులు రికార్డు చేసి పంపింది నేనేనని పదిమందికీ చెప్పుకుని తిరిగాను. గొప్పలకు పోతే ఇంతే మరి!

"ఇప్పుడు జనగామ జిల్లా గొంతు విందాం" అంటూ తెర మీది ఆవిడ మీట నొక్కింది.

"మా పటేలు బండి దిగడు. గట్టు మీదికెల్లే ఒర్లుతడు. జరమొచ్చిందని మేస్త్రితోని చెప్పిస్తే నకరాలంటడు. ఒక్కనాడన్న పత్తి ఏరితే తెలుస్తది, వాని నడుము ఎన్ని వంకర్లు పోతదో!"

మా పెద్దమ్మ ఎస్తేరు! బచ్చన్నపేటలో ఆమె ఇరవై ఏళ్లుగా పత్తి ఏరుతున్నది నా పక్కనున్న ఈ రామ్మోహన్ చేనులోనే. ఆ పని పోతే ఆమెకు ఇంకో దిక్కులేదు. "గిది ఎవలన్న ఇంటరా బిడ్డా?" అని రికార్డు చేసిన రోజే అడిగింది. "మిషన్ తప్ప ఎవ్వలు ఇనరు పెద్దమ్మా" అన్నాను. నా నోట్లో మన్ను పడ! ఓపెన్ సోర్స్‌కు ఇచ్చిన గొంతును ఎవరైనా తీసుకోవచ్చంటే ఎవరైనా వినొచ్చనేగా? కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాత్రం తోచలేదు.

పెద్దమ్మ మాటలు పొల్లుపోకుండా తెర మీద అక్షరాలయ్యాయి. హాలంతా చప్పట్లు. అంతటితో ఊరుకోక ఆవిడ మళ్లీ వినిపించింది. లేచిపోదామంటే అటు ప్రిన్సిపాల్ మోకాళ్లు, ఇటు రామ్మోహన్ మోకాళ్లు.

రామ్మోహన్ నా వైపు వంగాడు. అయిపోయింది, పెద్దమ్మ పని పోయిందనుకున్నాను.

"మస్తు మాట్లాడుతున్నది మేడం గీ ముసలామె! ఎవడో గాని ఆ పటేలు, పాపం, బాగనే సతాయించిండు."

నటిస్తున్నాడేమోనని ముఖం చూశాను. లేదు, మనస్ఫూర్తిగా నవ్వుతున్నాడు. ఇరవై ఏళ్లు! ఆయన ముందు తల వంచుకుని ఏరడమే తప్ప పెద్దమ్మ ఏనాడూ నోరు విప్పలేదు. ఆ గొంతు ఆయనెప్పుడు విన్నాడు కనుక? బతికిపోయామన్న సంతోషం క్షణమైనా నిలవలేదు, ఒళ్లు మండిపోయింది. మీ చేనుకే వచ్చే మనిషి సార్, అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏ ఊరామె?" అన్నాడు.

"దేవరుప్పుల దిక్కు సార్. ఎవరో, నాకు తెల్వదు" అన్నాను, నన్ను పెంచిన మనిషి గురించి.