ఉప్పుకాగితం

బస్సు వెనకనుంచి గుద్దిన మర్నాడు పొద్దున్నే బాపయ్య తన లారీని చిలకలూరిపేటలో హైవే పక్కనున్న ఇమాం హుస్సేన్ షెడ్డుకి పట్టించాడు. ఇమాం హుస్సేన్ లారీలకి కరెంటు పని చేస్తాడు. హైవేని నాలుగు వరసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి. దుమ్మంతా షెడ్డులోకే కొట్టుకొచ్చేది. లారీ మూతి లోపలి రేకు గోడకి ఎదురుగా, తోక రోడ్డు వైపుగా నిలబెట్టాడు డ్రైవరు ఏసోబు. వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి, నవిలిన తమలపాకులా ఉంది.

బాపయ్య మోటారు సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా కూర్చునే అడిగాడు.

"బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైటు రాలేదంటున్నాడు బస్సు డ్రైవరు. వాడి ముందు నేను నోరెత్తలేకపోయా. ఇది ఎవడి తప్పు?"

ఏసోబుకి ఆ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. జవాబు నాలిక చివరే పెట్టుకు వచ్చాడు.

"వైరింగేనండి. దసరా ముందు సాయిబేగా కొత్త వైర్లేసింది. అంతా నాసిరకం. నేను అప్పుడే అనుకున్నా."

ఇమాం హుస్సేన్ తాగుతున్న టీ గ్లాసుని బల్ల మీద పెట్టాడు. ఏసోబు వంక చూడలేదు.

"అనుకున్నవాడివి అప్పుడే అనకపోయావా?" అన్నాడు.

"అంటే వింటావా నువ్వు? నీ అంత మొనగాడు ఈ హైవే మీద లేడాయె."

"మీ ఇద్దరి సరసాలూ తర్వాత" అన్నాడు బాపయ్య. "నేను జిన్నింగు మిల్లు దాకా పోయొస్తా. వచ్చేసరికి తేలాలి. వైరింగుదే తప్పయితే నా బండి ఒక్కటి కూడా ఇకమీదట ఈ షెడ్డుకి రాదు. సాయిబూ, ఇంకొకళ్ల బళ్లు కూడా రానీను. కాదూ, నీ నిర్వాకం అయితే, ఏరా ఏసోబూ, తాళం నా చేతిలో పెట్టి నడిచిపో."

మోటారు సైకిలు దుమ్ములో కలిసిపోయింది.

ఆ తాళం ఏసోబు మొలతాడుకి కట్టుకుని ఉన్నాడు. క్లీనరుగా టైర్ల కింద రాళ్లు పెట్టిన దగ్గర్నుంచి ఆ స్టీరింగు చేతికొచ్చేదాకా ఎన్ని తిట్లు తిన్నాడో అతనికే తెలుసు. బాపయ్య మిరపకాయ తోలే మనిషి. గుంటూరు యార్డుకీ, కోల్డు స్టోరేజీలకీ తిరిగే బండి అది. దాని మీదికి డ్రైవరుని ఎక్కించిన రోజున ఆయన ఒకే ఒక్క మాట చెప్పాడు. తాగినా తిడతానే గానీ తీసెయ్యను, బండిలో చేపలు మాత్రం ఎక్కించావంటే ఆ రోజే ఆఖరు అని. నీచు వాసన పట్టిన చెక్కల మీద మిరపకాయ బస్తాలు వేస్తే యార్డులో ముక్కు మూసుకుని పక్కకి నెడతారు. ఒకసారి ఆయనకి అలాగే జరిగింది.

అయినా ఏసోబు చేపలు ఎక్కించాడు. వాడరేవులో ఉన్న బావమరిది ఇమ్మానియేలు, వ్యాను చెడిపోయింది బావా, ఐసు పెట్టెలు కరిగిపోతున్నాయి, ఉత్త బండే కదా అని బతిమాలాడు. ఉత్త బండే. చీరాలనుంచి తిరుగు దారి. ఆ ఒక్కసారితో ఆగలేదు. వెళ్లినప్పుడల్లా ఇమ్మానియేలు రేవు మొదట్లో నిలబడి ఉండేవాడు. వచ్చేదారిలో ఏసోబు కాలవ దగ్గర ఆగి, సబ్బుపొడితో అడుగుచెక్కలు రుద్ది, పసుపునీళ్లు చల్లి, వేపాకు పొగ పెట్టేవాడు. ఎక్కి ముక్కు ఆనించి చూసుకునేవాడు. ఏ వాసనా ఉండేది కాదు.

"ఏం నిలబడ్డావ్? ఎక్కి బ్రేకు తొక్కు" అన్నాడు ఇమాం హుస్సేన్.

"ముందు బల్బులు మార్చి చూడరాదా?"

"ఎక్కవయ్యా."

ఏసోబు ఎక్కి తొక్కాడు. వెనక ఏం కనబడుతోందో అతనికి తెలియదు. కానీ ఎదురుగా, నీడలో ఉన్న రేకు గోడ మీద, అటొకటీ ఇటొకటీ రెండు పసుప్పచ్చని మరకలు నీరసంగా తేలాయి. కాలు తీస్తే పోయాయి. తొక్కితే వచ్చాయి.

"చూశావా?" ఇమాం హుస్సేన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "బ్రేకు తొక్కుతుంటే వెనక ఎర్రది వెలగాలా, ముందు ఇండికేటర్లు వెలగాలా?"

"అదే నేననేది. వైర్లు తారుమారుగా కలిపావు."

"దసరా నుంచి తారుమారుగానే ఉంటే ఇన్నాళ్లూ నీ వెనక ఎవడూ గుద్దలేదేం?"

ఏసోబు దిగి తలుపు ధడాలున వేశాడు. ఇమాం హుస్సేన్ ఫ్యూజు పెట్టె మూత తీసి ఒక్కొక్క ఫ్యూజూ పీకి చూశాడు.

"ఈసారి సిగరెట్టు పెట్టె తళుకుకాగితం చుట్టలేదే. బుద్ధొచ్చిందే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రెండేళ్ల కిందట దారిలో ఫ్యూజు కొట్టేస్తే ఏసోబు తళుకుకాగితం చుట్టి బండి లాక్కొచ్చాడు. దానివల్ల లోపలి వైరు కాలి పొగొచ్చింది. ఈ ఇమాం హుస్సేనే ఆ నల్లబడ్డ ముక్కని బాపయ్యకి చూపించాడు. బాపయ్య నలుగురిలో తిట్టిన తిట్లు ఏసోబు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆనాటినుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"చాడీలు చెప్పడం నీకు వెన్నతో పెట్టిన విద్య" అన్నాడు ఏసోబు.

"కాలిన వైరు చూపిస్తే చాడీ అంటార్రా మీ ఊళ్లో?"

ఇమాం హుస్సేన్ టెస్టు బల్బు తీసుకుని వెనక్కి నడిచాడు. అదొక చిన్న బల్బు, దానికి రెండు తీగలు. బ్రేకు పెడలు తొక్కినట్టే ఉండేలా పెడలుకీ సీటుకీ మధ్య కర్రముక్క బిగించి వచ్చాడు. లైటు డబ్బాలో బ్రేకు వైరుకి ఒక తీగ ఆనించి, రెండోది లారీ ఇనప దూలానికి గుచ్చాడు. టెస్టు బల్బు ధగధగా వెలిగింది.

"నా వైరు వెనకదాకా కరెంటు తెస్తోంది. కళ్లున్నాయిగా, చూడు."

"మరి లైటు వెలగదేం?"

"నీ ఇంట్లో బల్బుకి తీగలు ఎన్ని? రెండు. లారీలో ఒకటే లాగుతాం. పోవడం తీగలో, తిరిగి రావడం ఈ ఇనుములో. ఈ చాసిస్ మొత్తం రెండో తీగన్నమాట. రెండు డబ్బాల ఎర్త్ వైర్లూ ఒక బోల్టు కింద బిగించి ఈ ఇనుముకి కలుపుతాం. ఆ బోల్టు దగ్గర తెగితే కరెంటు ఊరుకుంటుందా? పక్కనున్న ఇండికేటరు బల్బులోకి దూరి, దాని తీగ పట్టుకుని ముందుకొచ్చి, ముందు ఇండికేటరులోంచి ఇనుములోకి దిగుతోంది. అన్ని బల్బులు తోసుకుంటూ వచ్చేసరికి దాని పని అయిపోయింది. ఇంక వెనక ఎర్రగా ఏం వెలుగుతుంది?"

ఏసోబుకి సగం అర్థమైంది. ఆ సగమూ అతనికి నచ్చలేదు.

"ఆ బోల్టు నువ్వు బిగించిందేగా" అన్నాడు.

"నేను బిగించిందే. చూద్దాం పట్టు, ఏమైందో."

ఇమాం హుస్సేన్ గోనెపట్టా పరుచుకుని లారీ తోక కిందకి దూరాడు. ఏసోబు మోకాళ్ల మీద వంగి చూశాడు. అప్పటిదాకా అతను ఆ కిందికి ఎన్నడూ చూడలేదు. అడుగుచెక్కల సందుల్లోంచి కారిన నీళ్లు దూలం వెంబడి తెల్లటి చారలు గీసి ఉన్నాయి. చారలన్నీ ఒక్కచోటికే జారాయి. ఆ చోటునే బోల్టు ఉంది.

"ఇదేదో వాన తుప్పు" అన్నాడు ఏసోబు.

"వాన తుప్పు ఎర్రగా ఉంటది."

నట్టు తిరగలేదు. ఇమాం హుస్సేన్ స్పానరు మీద కొట్టి కొట్టి విప్పాడు. వైరు చివర బోల్టుకి తగిలించే రాగి కన్ను పచ్చగా చిలుమెక్కి, పట్టుకోగానే పొడైంది. వాషరు అడుగున ఏదో గోరంత తళుక్కుమంది. దాన్ని గోటితో లేపి వెలుతురులో పెట్టి చూశాడు. చేప పొలుసు.

ఇమాం హుస్సేన్ ఆ వాషరుని నాలిక కొసకి ఆనించి ఉమ్మేశాడు. మెల్లగా బయటికొచ్చి, గోనెపట్టా మీదే కూర్చున్నాడు. అతను తిట్టినా బాగుండేదనిపించింది ఏసోబుకి.

"వాడరేవా?" అన్నాడు చివరికి.

ఏసోబు తల దించుకున్నాడు.

"పైన చెక్కలు కడిగావు, అవునా? పసుపు కూడా చల్లావేమో, సందులో ఇంకా ఉంది. కింద ఇనుము ఎవడు కడుగుతాడు? ఉప్పునీళ్లు తాగీ తాగీ రాగి చచ్చింది." మెడ వంచి ఏసోబు కాళ్ల వైపు చూస్తూ అన్నాడు. "నీ మీద నాకేం జాలి లేదు. కానీ నీ సీటు తీయించి నేనేం చేసుకుంటా? ఆయన రాగానే, వైరింగు తప్పు కాదండీ, నేనే తొందరపడి అన్నాను అని చెప్పు. ఆ ఒక్క మాటా నీ నోటితో అను. ఉప్పుకాగితం పెట్టి రుద్ది, కొత్త కన్ను వేసి బిగించేస్తా. బోల్టు వదులైంది అంటా. అంతటితో సరి."

ఏసోబు తలెత్తకుండానే అడిగాడు. "నేననకపోతే?"

"నా షెడ్డు మూసుకోమన్నాడు ఆయన. విన్నావుగా."

అనొచ్చు. అంటే అయిపోయేది. ఏసోబు ఆ మాటని లోపల్లోపలే అనుకుని చూసుకున్నాడు, 'నేనే తొందరపడ్డానండి'. ఒక్కడే ఉన్నప్పుడు ఆ మాట బాగానే వచ్చింది. ఇమాం హుస్సేన్ వింటుండగా, వాడి మీసాల కింద నవ్వు మొలుస్తుండగా, అదే మాట ఎలా వస్తుందో ఊహించుకుంటే ఒళ్లు మండింది. నలుగురిలో తనని తిట్టించినవాడు వీడు.

బాపయ్య వచ్చాడు. ఈసారి స్టాండు వేసి దిగాడు. మిల్లు దూది ఆయన చొక్కాకి అక్కడక్కడా అంటుకుని ఉంది.

"తేలిందా?"

ఇమాం హుస్సేన్ ఏసోబు వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు. ఒక చేతిలో వాషరు, ఇంకో చేతిలో అప్పుడే చింపిన ఉప్పుకాగితం ముక్క.

ఏసోబు ఆ కాగితాన్ని చూశాడు. నోరు తెరిచాడు.

"నేను చెప్పలేదుటండీ" అన్నాడు. "వైరింగే. బోల్టు సరిగ్గా బిగించలేదు సాయిబు."

ఆ మాట అనేశాక గానీ తను ఏమన్నాడో అతనికే తెలియలేదు. నాలిక కొసన పెట్టుకుని వచ్చిన మాట దాని అంతట అదే దొర్లింది.

ఇమాం హుస్సేన్ కాగితం జేబులో పెట్టుకున్నాడు. వాషరుని, దానికి అంటిన పొలుసుతో సహా, బాపయ్య అరచేతిలో పెట్టాడు.

బాపయ్య మిరపకాయని నలిపి వాసన చూసినంత శ్రద్ధగా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత లారీ కిందికి వంగి తెల్లటి చారలు ఎటునుంచి ఎటు వచ్చాయో చూశాడు. నడుం పట్టుకుని లేచి, పొలుసుని ప్యాంటుకి తుడిచేసి, చెయ్యి చాపాడు.

"అయ్యా, మా బావమరిది..." అన్నాడు ఏసోబు.

"తాళం."

ఏసోబు మొలతాడు తడుముకున్నాడు. విప్పి ఇచ్చాడు.

ఇమాం హుస్సేన్ మళ్లీ లారీ కిందికి దూరాడు. ఉప్పుకాగితం ఇనుము మీద గరగరలాడింది. కొత్త కన్ను వేసి బిగించడానికి ఎంతో సేపు పట్టలేదు. ఏసోబు రోడ్డు దాకా నడిచాడు, మళ్లీ తన చెప్పులు కేబిన్లో ఉన్నాయని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. అతను ఎక్కిన చప్పుడు కిందికి వినబడింది.

"ఒరేయ్, ఎక్కావుగా, ఆ కర్ర తీసి ఒకసారి బ్రేకు తొక్కు" అన్నాడు ఇమాం హుస్సేన్ కిందనుంచి.

ఏసోబు కర్రముక్క తీశాడు. కాలు పెడలు మీద పెట్టి తొక్కాడు. ఎదురుగా రేకు గోడ మీద పసుప్పచ్చని మరకలు రాలేదు. గోడ నల్లగా అలాగే ఉంది. వెనక ఎర్రగా వెలిగే ఉంటుంది. ఆ సీట్లోంచి అది కనబడదు. అతను కాలు తియ్యకుండా ఇంకా గట్టిగా తొక్కి పట్టుకున్నాడు.

"చాలు" అన్నాడు ఇమాం హుస్సేన్. "దిగు."