లస్మయ్య మూసిన బావి

ఎల్లారెడ్డి ఊరి మెట్లబావిని మూయించి రమ్మని కామారెడ్డి దవాఖానలో పనిచేసే నన్ను 1938 ఎండాకాలంలో పంపారు. మూయడమంటే పూడ్చడం కాదు. నీళ్ళ దాకా దిగే మెట్లకు అడ్డంగా రాతిగోడ కట్టి, పైన గట్టు లేపి, గిరక బిగించాలి. ఆ తరువాత ఎవరైనా నీళ్ళు చేదుకోవలసిందే. మనిషి పాదం వాటిని తాకకూడదు. ఊరికి నారికురుపు పట్టింది. కాలి మీద పొక్కు లేచేది, నిప్పులా మండేది, పగిలేది; అందులోంచి తెల్లదారం వంటి పురుగు మూరెడు పొడవున బయటికి వచ్చేది. సరిగ్గా దుక్కుల వేళకు ఇంటికొక్కరు మంచాన పడేవారు. ఏ కులం వాళ్ళు ఏ పొద్దున మెట్లు దిగాలో ఊళ్ళో కట్టుబాట్లుండేవి. పురుగుకు మాత్రం ఆ కట్టుబాట్లు తెలియవు.

ఆ ఊరి మేస్త్రి యాకూబు రాళ్ళూ సున్నమూ బండి మీద తెచ్చి బావి దగ్గర దింపాడు. ఊరి పెద్దలు నా కాగితం చదివించుకుని విన్నారు. "లస్మన్న ఊకొడితె మాకేం అడ్డం లేదు సారూ" అన్నారు.

లస్మయ్యకు అరవై దాటాయి. బావి ఊరిది, బాగోగులు ఆయనవి. ఏటా చైత్రంలో నీళ్ళు తోడించి, పూడిక తీయించి, ఇటుక ముక్కతో ఒక్కొక్క మెట్టుకూ పాచి గీకేవాడు. తరువాత ఎండాకాలమంతా పిల్లల వీపులకు మునగ బెండ్లు కట్టి ఈత నేర్పేవాడు. ఆ ఊళ్ళో ఈత వచ్చినవాళ్ళందరూ ఆయన అరచేతి మీద తేలినవాళ్ళే. నారికురుపు లేచినవాళ్ళు కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. వాళ్ళను అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి, కాలు నీళ్ళలో పెట్టించి, బయటికి వచ్చిన పురుగును తెగకుండా చీపురు పుల్లకు చుట్టేవాడు. రోజుకు రెండు వేళ్ళ పొడవు. అంత ఓర్పు గల చెయ్యిని నేను దవాఖానలో కూడా చూడలేదు.

"బావికి కాళ్ళు ఇరగ్గొట్టనీకి వచ్చినవా సారూ?" అన్నాడు నన్ను చూడగానే.

సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాలు నీళ్ళల్ల పెడితె పురుగు బయటికి రాదా?"

"వస్తది."

"మంట తగ్గదా?"

"తగ్గుతది."

"మరి నీ తకరారు ఏంది?"

"బయటికొచ్చేటప్పుడు అది నీళ్ళల్ల పిల్లల్ని ఇడుస్తది లస్మన్నా. నీళ్ళల్ల ఉండే సన్నపు పురుగులు ఆ పిల్లల్ని మింగుతయి. ఆ నీళ్ళు మనం తాగుతం. ఏడాది తిరిగేసరికి మన కాళ్ళల్ల లేస్తది."

గాజు గ్లాసులో బావి నీళ్ళు పట్టి, నా భూతద్దం ఆయన చేతికిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆవగింజలో పదోవంతు లేని ప్రాణులు నీళ్ళలో తటాలున ఎగిరెగిరి పడుతున్నాయి. "అబ్బ, గివి గూడ ఈతగొడుతున్నయి" అని మురిసిపోయాడు. అంతలోనే, "గీటి కడుపుల ఆ పిల్లలేవి?" అన్నాడు.

"అవి గీ అద్దానికి కనబడయి. కామారెడ్డి దవాఖానల పెద్ద యంత్రమున్నది. దాంట్ల చూసిన."

"నువ్వు చూసినవు, నేను చూడలె. పోయినేడు ఒకడొచ్చి గీ బావిల దయ్యమున్నదన్నడు. వాడు గూడ చూసిన అనే అన్నడు."

నాకు కోపం రావలసింది, రాలేదు. దయ్యాలను నమ్మేవాళ్ళతో నేను వాడే వాదాన్నే ఆయన నా మీద వాడాడు. పైగా అందులో తప్పేమీ లేదు.

"ఇంకొకటి చెప్పు" అన్నాడు ఆయన. "మెట్లు మూస్తవు. పిల్లలకు ఈత యాడ నేర్పాలె? ఈత రాక రేపు ఎవడన్న చెరువుల మునిగితె నీ హుకుం బతికిస్తదా?"

"బతికియ్యదు" అన్నాను.

ఆయన కంటికి కనబడేది ఏదో ఒకటి చూపించాలి. మరునాటి పొద్దున గులకరాళ్ళు ఏరుకుని బావి దగ్గరికి వెళ్ళాను. "లస్మన్నా, నిరుడూ ఈ యేడూ నువ్వు పురుగు తీసిన కాళ్ళు ఎన్ని? గుర్తున్నయా?"

"ఎందుకు లెవ్వు?" అన్నాడు. ఆయనకు ముఖాల కంటె కాళ్ళే బాగా గుర్తున్నాయి. ఒక్కొక్కరి పేరు చెబుతుంటే ఒక్కొక్క రాయి పెట్టమన్నాను. ఈ బావి నీళ్ళు తాగే ఇంటివాళ్ళయితే కింది మెట్టు మీద. పడమటి వాడవాళ్ళయితే పై మెట్టు మీద. పడమటి వాడకు వేరే గిరక బావి ఉంది, దానికి మెట్లు లేవు. చెప్పడం పూర్తయ్యేసరికి కింది మెట్టు మీద ముప్పై ఒక్క రాళ్ళు చేరాయి. పైన రెండే.

లస్మయ్య ఆ రెండింటినీ చూస్తూ కూర్చున్నాడు.

"గీ రాయి ఈరవ్వ కోడలు" అన్నాడు చివరకు. "ఆ పిల్ల నిరుడే వచ్చింది పడమటి వాడకు. అంతకుముందు తల్లిగారింట్ల గీ నీళ్ళే తాగింది." రాయిని తీసి కింది మెట్టు మీద పెట్టాడు. "ఇంకొకటి నీదే యాకూబు భాయ్. మీదేమో పడమటి వాడనాయె. నీకెట్ల లేచింది?"

రాళ్ళ గుట్ట మీద కూర్చున్న యాకూబు నవ్వాడు. "మరిచినవా లస్మన్నా? ముందటేడు, నలభై ఏండ్ల వయసుల నాకు ఈత నేర్పుత అని దింపినవు. ఎండాకాలమంత మునుగుడే గద. మునిగినప్పుడల్ల మింగుడే. సగం బావి నా కడుపులనే ఉండె."

ఆ మాటకు లస్మయ్య నవ్వలేదు. రెండో రాయిని కూడా తీసి కింద పెట్టాడు. పై మెట్టు ఖాళీ అయింది.

"అయితె నేనే తిప్పిన్నా సారూ, పురుగును ఇల్లిల్లు?"

కాదనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఇంతసేపూ తన కళ్ళతో చూసుకున్న మనిషికి అబద్ధం చెప్పడం మర్యాద కాదు. "పోవుడు గీ మెట్టు మీది నుంచే పోయింది లస్మన్నా. నువ్వు తెలిసి పంపలె. నిన్నటిదాక గీ ఊళ్ళె ఎవ్వరికి తెల్వది."

ఆయన జవాబు చెప్పేలోగా కర్ర ఊనుకుంటూ సాలవ్వ వచ్చింది. కూలికి పోయే మనిషి. రెండు రోజులుగా ఆమె మడమ మీద పొక్కు. "లస్మన్నా, నిప్పుల గుండంల నిలబడ్డట్టున్నది. జరుగు" అంటూ మెట్టు దిగబోయింది.

లస్మయ్య లేచి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. ఆ బావి దగ్గర ఆయన ఒకరిని ఆపడం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"దిగకు చెల్లె."

"ఏందే? నేనొక్క కాలు పెడితె నీ బావి అరిగిపోతదా? ఊరందరికి లేని అడ్డం నాకే వచ్చిందా?"

"మంట నేను తగ్గిస్త. నీళ్ళల్ల మాత్రం దిగకు."

ఆయన యాకూబు దగ్గర సున్నపు మాలు మోసే కొత్త ఇనుప గమేళ అడిగి తీసుకున్నాడు. కడవతో నీళ్ళు తెచ్చి నింపాడు. సాలవ్వను బావికి దూరంగా రాయి మీద కూర్చోబెట్టి, పాదం అందులో పెట్టించాడు. కొంతసేపటికి పొక్కు పగిలింది. తెల్లటి కొస బయటికి వచ్చింది. చీపురు పుల్ల పెట్టి చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూనే తల ఎత్తకుండా చెప్పాడు.

"నిరుడు మీ పక్కింటి మైసన్న కాలు గీ అడుగు మెట్టు మీదనే పెట్టిచ్చిన సాలవ్వా. ఆ పురుగు పిల్లలే నీళ్ళల్ల కలిసి నీకు లేచినయట. మంచి చేస్తున్న అనుకొని నేనే నీకు..."

మాట తెగిపోయింది. పుల్ల తిప్పడం ఆపి ముక్కు ఎగబీల్చాడు.

సాలవ్వ ఆయన నెత్తి వైపు చూసింది. "ఆ దినం మైసన్న నిద్రపోయిండా లేదా?"

"నిద్రపోయిండు."

"నాలుగు దినాలు కన్ను మూయనోడు ఆ రాత్రి నిద్రపోయిండు. వాని పెండ్లామే చెప్పింది నాకు. నిరుడు నీకు గంతే తెల్సు. గిప్పుడు తెల్సింది గద, నన్ను ఒడ్డున కూసోబెట్టినవు. ఇంక చాలు. ఏడిస్తె చెయ్యి వణుకుతది, దారం తెగుతది. తెగితె కాలు వాస్తది, నేనైతె ఊకోను."

లస్మయ్య భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. రెండు వేళ్ళ పొడవు చుట్టి, పుల్లను మడమకు గుడ్డతో కట్టాడు.

"గీ నీళ్ళు యాడ పొయ్యాలె?" అని అడిగాడు నన్ను.

"ఎండిన నేల మీద. బావికి దూరంగ."

గమేళను రెండు చేతులా పట్టుకుని, చుక్క తొణకకుండా బాట దాటి, దున్నిన చెలక దాకా నడిచి అక్కడ పారబోశాడు. ఆ ఎర్రమట్టి నీళ్ళను ఒక్క గుక్కలో పీల్చింది. తడి ఆరేదాకా నిలబడి చూసి వచ్చి, యాకూబుతో, "గోడకు ముగ్గు పొయ్యి" అన్నాడు.

గోడ రెండు రోజుల్లో ఛాతీ ఎత్తుకు లేచింది. రాళ్ళు అందించింది లస్మయ్యే. మూడోనాటి మధ్యాహ్నానికి నడుమ ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. ఆయన అంగీ విప్పి రాతి మీద పెట్టి, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కసారి దిగుత. నా కాళ్ళకు కురుపు లేదు. చూసుకో."

నేను మోకాళ్ళ మీద కూర్చుని నిజంగానే చూశాను. పాదాలు, మడమలు, పిక్కలు, వేళ్ళ సందులు. యాభై ఏళ్ళుగా నీటిలో నాని, రాళ్ళ మీద అరిగిన పాదాలు. పొక్కు లేదు, వాపు లేదు.

"దిగు. నీళ్ళు మాత్రం మింగకు."

"నేను మింగుతనా సారూ? ఊరందరికి మింగకుండ నేర్పినోణ్ణి. గీ యాకూబొక్కడే నేర్వలె."

ఆయన సందులోంచి దిగి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారాడు. బావి నడుమకు వెళ్ళి వెల్లకిల తేలి, కళ్ళు మూసుకున్నాడు. చేతులు మాత్రం అప్పుడప్పుడు కొంచెం కదిలాయి.

యాకూబు తాపీ పట్టుకుని కాచుకున్నాడు. కొంతసేపటికి నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "సారూ, మాలు గట్టిపడుతున్నది. పిలుస్తరా?"

"పిలువకు. కొంచెం నీళ్ళు పోసి మళ్ళ కలుపు" అన్నాను.