కనబడని పని

"మా ఇంట్ల లొల్లి అనేదే ఉండదన్నా. అన్నీ మా ఆమెనే చూస్కుంటది" అని భర్త మహేష్ ఫోన్లో ఎవరితోనో అంటుంటే, రోహిణి అతని టిఫిన్ డబ్బా సర్దుతూ వింది. పొగడ్తే. అయినా, అత్తగారు బుచ్చవ్వ "నీకేం పని బిడ్డా, కూసోని రాసుడే గద" అన్నప్పటిలాగే ఎక్కడో గుచ్చుకుంది. ఆలోచించే తీరిక లేదు. సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. వనస్థలిపురంలో షేర్ ఆటో పట్టుకుని ఎల్‌బీ నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరింది.

అక్కడొక పరిశోధన సంస్థలో నల్లగొండ ఊళ్ళ ఫ్లోరైడ్ నీళ్ళ మీద ముగ్గురు పనిచేస్తున్నారు. భూగర్భజలాలు చదివిన జనార్ధన్, ఎముకల డాక్టర్ సాయికుమార్, పోషకాహారం చూసే సీతామహాలక్ష్మి. వేరువేరు చదువుల వాళ్ళు ఎంత బాగా కలిసి పనిచేస్తున్నారో తేల్చి చెప్పే బాధ్యత బయటి నుంచి వచ్చిన రోహిణిది. వచ్చే ఏడాదికి ఒకరిని తగ్గించాలి, ఎవరినంటారు అని డైరెక్టర్ అడిగితే పోయిన వారమే రిపోర్టు ఇస్తూ చెప్పేసింది: "సీతామహాలక్ష్మి గారి పని విడిగా ఏం కనబడ్తలేదు సార్."

ఆ రోజు డైరెక్టర్ ముందు జరిగిన మీటింగులో సీతామహాలక్ష్మి జనార్ధన్‌కు ఏదో వివరిస్తోంది. ఆ మాట మధ్యలోనే రోహిణి నోట అలవాటుగా వచ్చేసింది.

"మేడమ్, జర చాయ్ చూస్తరా?"

ఆమె మాట ఆపి, లేచి వెళ్ళింది.

"నేను ఎముకల వంకర గురించి అడిగితే మీరు రాళ్ళ గురించి చెబుతారేంటండీ?" అన్నాడు డాక్టర్.

"రాళ్ళల్ల నుంచే గద సార్ నీళ్ళలకొచ్చేది! మీకు ఎట్ల చెప్పాలె?" జనార్ధన్ ఫైలు మూసేశాడు.

ఆపైన ఇద్దరూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

నెలల తరబడి తన కళ్ళముందే జరిగినవన్నీ రోహిణికి అప్పుడు అర్థమయ్యాయి. రాళ్ళ సంగతి డాక్టర్‌కు తెలిసే మాటల్లో చెప్పింది ఆమే. ఊళ్ళలో వంటింటి గడపల మీద కూర్చుని, ఎవరు ఏ బోరు నీళ్ళతో వండుతున్నారో అడిగి, ఇద్దరి లెక్కనూ కలిపింది ఆమే. సమ్మె మొదలయ్యాక ప్రాంతాల గొడవతో వాళ్ళిద్దరూ మాటలు మానేస్తే, ఇటు మాట అటు మెత్తగా చేరవేసిందీ ఆమే. తను దాన్ని సామరస్యమని మెచ్చుకుని, ఆ మంచిపేరు మగవాళ్ళిద్దరికీ ఇచ్చేసింది. పైగా చాయ్‌కి పంపింది.

సీతామహాలక్ష్మి ట్రేతో వచ్చింది. "క్యాంటీన్ మూసేశారండీ. నేనే పెట్టాను."

రోహిణి లేచి డైరెక్టర్ వైపు తిరిగింది. "సార్, నేను మీకు తప్పు చెప్పిన. వీళ్ళిద్దరు కలిసి పనిచెయ్యలే. ఇద్దరూ మేడమ్‌తోని పనిచేసిన్రు."

"మరి మీ రిపోర్టు?" అన్నాడు డైరెక్టర్.

"వాపస్ తీస్కుంటున్న. తప్పు నాదేనని రాసిస్త. మల్ల నన్ను పిలవకున్నా సరే."

సీతామహాలక్ష్మిని ఉంచుతామన్నాడు డైరెక్టర్.

మెట్ల దగ్గర రోహిణి ఆమె చేయి పట్టుకోబోయింది. ఆమె ఇవ్వలేదు.

"వాళ్ళు చూడకపోవడం నాకు అలవాటేనండీ" అంది సీతామహాలక్ష్మి, చెప్పులు వేసుకుంటూ. "మీకు మాత్రం కనబడుతూనే ఉందనుకున్నాను."