పన్నెండో బూత్

"పన్నెండో బూత్. మొత్తం ఓటర్లు రెండు వందల అరవై మంది. పోలైనవి నూట యాభై మూడు."

మాస్టారు కాగితంలోంచి తలెత్తకుండానే చదివారు. మొగ్గక్క తాను తప్పు విన్నాననుకుంది. పొద్దున ఆరు గంటల నుంచి ఆ బడి గదిలో వెదురు కంచె ఇవతల నిలబడే ఉంది. బెంచీలన్నీ గోడకి నెట్టేసి, మధ్యలో బల్లలు కలిపి ఓట్లు పోశారు. నల్లబల్ల మీద పిల్లలు రాసుకున్న ఏడో ఎక్కం ఇంకా అలాగే ఉంది. కాళ్లు లాగేస్తున్నాయి. ఈ పూట అమ్మకం పోయింది, ఇంట్లో బస్తా ఉల్లిపాయలు మొలకలెత్తుతున్నాయి. అయినా ఇంతసేపూ ఆమెకి అవేవీ పట్టలేదు. పన్నెండో బూత్ కోసమే ఎదురుచూసింది.

"మాస్టారూ, ఇంకోసారి చదవండి."

"నూట యాభై మూడమ్మా. నిచ్చెనకి నూట ఇరవై ఒకటి. తాళంచెవికి ముప్పై రెండు."

నిచ్చెన ఆమె గుర్తు. తాళంచెవి కాంట్రాక్టరుది. మేడల వీధిలోని పదకొండో బూత్ లెక్క అప్పటికే అయిపోయింది. అక్కడ ఆమెకి తొంభై ఆరు, ఆయనకి రెండు వందల ఐదు. ఆ తేడా వస్తుందని ఆమెకి ముందే తెలుసు. కానీ పన్నెండోది కూరల బజారు వాళ్లది, దాని వెనక సందుల వాళ్లది. అక్కడ రెండు వందల ఓట్లు పడితే ఆ తేడా చెల్లిపోయి ఇంకా మిగలాలి.

"లెక్క తప్పింది మాస్టారూ. మా బజారులో ఓటెయ్యని మనిషి లేదు. నా కళ్లతో చూశాను. ప్రతి వేలికీ సిరా ఉంది."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన గొంతులో విసుగు లేదు.

"ఓట్లు తప్పు లెక్కపెట్టాలన్నా ముందు ఓట్లుండాలి కదమ్మా. ఆ రోజు ఆ బూత్‌లో కూర్చున్నది నేనే. తొమ్మిది దాటాక ఆడవాళ్ల వరస ఖాళీ. సాయంత్రం దాకా ఈగలు తోలుకున్నాం."

ఇరవై ఓట్ల తేడా. బయట వరండాలో కాంట్రాక్టరు మెడలో అప్పటికే దండలు పడ్డాయి. ఆమెను చూసి ఆయన దారిచ్చాడు.

"బాగా నిలబడ్డావు చెల్లెమ్మా. మీ బజారు వాళ్లకి నా నమస్కారాలు చెప్పు. మీ వదినకైతే ప్రత్యేకంగా చెప్పు."

ఆ మాట అక్కడ నలుగురికీ నవ్వు తెప్పించింది. మొగ్గక్క మెట్లు దిగింది. దిగాక, వదిన పేరెందుకు ఎత్తాడా అని ఆగింది.

తక్కెడ పట్టుకున్నప్పుడు కొనేవాళ్ల వైపు కాస్త మొగ్గు చూపించకుండా ఆమె ఏనాడూ తూచలేదు. అందుకే ఆ పేరు. ఆ తక్కెడ పట్టడం నేర్పింది వదినే. మొగుడు పోయిన మూడో నెలలో, ఇంట్లో మూల కూర్చున్న మనిషిని చెయ్యిపట్టి లాక్కొచ్చి, తన ఆకుకూరల పక్కన జానెడు జరిగి, "ఇక్కడ కూర్చో అమ్మాయీ. తమ్ముడు లేడని నీకు చోటు లేకుండా పోదు" అంది. పన్నెండేళ్లయింది.

ఆ బజారులో ఎవరికీ కాగితాలు లేవు. కూర్చున్నవాళ్లదే చోటు. కాసేపు లేవాలంటే పక్కావిడ చూసుకోవాలి. ఒక పూట ఎవరూ లేకపోతే చోటు పోయినట్టే. అందుకే జ్వరమొచ్చినా గోనె పరుచుకుని దానిమీదే పడుకునేవాళ్లు. రోజుకి ఇరవై కట్టించుకుని కౌన్సిలు వాళ్లు రసీదు ఇస్తారు. ఈసారి ఆ నేల మొత్తం పదేళ్లకి గుత్తకివ్వాలని కౌన్సిలులో కదిలింది. గుత్త కాంట్రాక్టరు బావమరిది పేరు మీద వస్తుందని అందరికీ తెలుసు. కౌన్సిలులో అటు సగం, ఇటు సగం. ఈ వార్డు సభ్యుడు ఎటు చెయ్యెత్తితే అటే. అందుకే ఆమెను నిలబెట్టారు. నిలబడమని ముందుగా అన్నదీ వదినే.

ప్రచారం కూడా బజారు ప్రచారమే. తూకం వేస్తూ అడగడం, చిల్లర ఇస్తూ అడగడం.

"నిచ్చెన ఎక్కేది నువ్వు, పట్టుకునేది మేమా?" అని చేపలావిడ ఎగతాళి చేసేది.

"మీరు వదిలేస్తే కాళ్లు విరిగేది నాకే కదే," అనేది మొగ్గక్క.

ఓట్ల రోజు పొద్దున్నే వదిన ఆమెను మేడల వీధికి తరిమింది. "మన బూత్ నాకొదిలెయ్. తెలియనివాళ్ల ముందు నిలబడి దండం పెట్టుకో, పో." ఆమె తన ఓటు ఏడింటికే వేసి పదకొండో బూత్‌కి వెళ్లి, అక్కడ ఎండలో సాయంత్రం దాకా నిలబడింది. ఐదు దాటాక బజారుకి వస్తే వరసంతా ఎడమచేతి వేళ్లు పైకెత్తింది. అన్ని వేళ్లకీ నల్లటి గీత. "కౌన్సిలరమ్మ వచ్చింది, లేవండే," అని ఎవరో అన్నారు. "లేవం, కూర్చున్నవాళ్లదే చోటు," అని ఇంకెవరో. ఆ నవ్వులకి ఆమెకి కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇప్పుడు బజారులోకి అడుగుపెడితే ఎవరూ తలెత్తలేదు. అందరికీ ఏదో ఒక పని దొరికింది. చేపలావిడ ఖాళీ పళ్లాన్ని తోముతోంది. వదిన తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతోంది.

"ఏమైందమ్మాయీ?"

మొగ్గక్క ఎదురుగా గొంతుక్కూర్చుని, వదిన ఎడమచెయ్యి అందుకుని చూపుడువేలు తిప్పి చూసింది. నీళ్లకి నాని తెల్లగా ఉంది. గోరు మూలల్లో కూడా మచ్చ లేదు. పక్కన తన వేలు పెట్టింది. గోటి మొదట్లో కాలినట్టు నల్లగా ఉంది.

"రెండు రోజులకే పోయిందేం వదినా?"

"నీళ్లలో నానే చేతులు కదా."

"నావీ నీళ్లలో నానే చేతులే. గోరు పెరిగితే తప్ప పోదన్నాడు పూసినాయన."

వదిన చెయ్యి లాక్కోలేదు. ఆమె వెనక, తట్టల మధ్య, బస్తాల మీద గుర్తులు పెట్టే సిరా డబ్బా ఉంది. గోనె మీద ఏళ్లు నిలిచే సిరా. చేతికంటితే రెండు రోజుల తడికి వదిలిపోతుంది. బజారులో అందరికీ తెలిసిన సంగతే. మొగ్గక్క ఆ డబ్బా వైపు చూడడం వదిన చూసింది.

"తొమ్మిదింటికి కౌన్సిలు మనుషులమని ముగ్గురొచ్చారు," అంది గొంతు తగ్గించి. "టేపు, రంగు డబ్బా పట్టుకుని. చోట్లో మనిషుంటేనే నంబరు వేస్తామన్నారు. నంబరున్నవాళ్లకే కొత్త షెడ్డులో చోటంట. సాయంత్రం ఐదింటికి మళ్లీ వచ్చి చూస్తారంట, మనిషి లేకపోతే కొట్టేస్తారంట. ఎవరు లేస్తారు చెప్పు?"

"ఐదింటికి ఓట్లయిపోతాయి."

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావు."

"నీకు వ్యతిరేకంగా ఎవరూ వెయ్యలేదమ్మాయీ. నా బిడ్డల మీద ఒట్టు. వెళ్లలేదంతే."

తమ చోట్ల ముందు నేల మీద పసుపు రంగు అంకెలు మొగ్గక్క అప్పుడే గమనించింది. వదిన ముందు యాభై రెండు. తన ఖాళీ గోనె ముందు యాభై మూడు.

"నీది కూడా పోనివ్వలేదు," అంది వదిన, కాస్త బతిమాలుతున్నట్టు. "రోజంతా ఒక కాలు నా గోనె మీద, ఒక కాలు నీ గోనె మీద. నడుం ఇంకా పట్టేసే ఉంది. ఇద్దరి చోట్లో ఒక్క మనిషేంటన్నాడు వాడు. నా ఒళ్లే అంత, నీకేం నొప్పి అన్నాను."

అటు పక్క ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"మరి వేళ్లకి అదెందుకు పూశావు?"

"సాయంత్రం నువ్వొస్తావు కదా. నీ మొహం ఎలా చూడాలి? ఎలాగూ గెలుస్తావనుకున్నాం. మిగతావాళ్లు వేస్తారులే, నేనొక్కదాన్ని వెళ్లకపోతే ఏం పోయిందిలే అని..." వదిన వరస వైపు చూసింది. "అందరమూ అదే అనుకున్నాం."

"నాకు కబురు పెట్టాల్సింది వదినా. మేడల వీధి ఎంత దూరం? నేనొచ్చి నీ చోట్లో కూర్చునేదాన్ని. నువ్వు ఓటేసి వచ్చాక చేపలావిడ చోట్లో కూర్చునేదాన్ని. ఆ తర్వాత ఇంకొకరి చోట్లో. సాయంత్రం దాకా అదే పనిగా కూర్చునేదాన్ని."

వదిన చెంబు తీసుకుంది. చల్లిన కట్టల మీదే మళ్లీ నీళ్లు చల్లింది.

ఆ తర్వాత పది రోజులు వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మాట్లాడుకోలేదు. చిల్లర కావలసి వస్తే మొగ్గక్క లేచి చేపలావిడ దగ్గరికి వెళ్లేది. పదో రోజు కౌన్సిలు కూర్చుంది. గుత్త తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ సాయంత్రం నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు.

"నువ్వొచ్చి మాట్లాడాలక్కా. నీకైతే మాటలొచ్చు."

"ఏమని మాట్లాడను? నా వెనక ఎంతమంది ఉన్నారని కాంట్రాక్టరు అడుగుతాడు. ఎంతమందని చెప్పను?"

ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

మర్నాడు ఏడింటికి కొత్త మనిషి వచ్చాడు, కొత్త రసీదు పుస్తకంతో. అంకెలు చూసుకుంటూ వరస చివరి నుంచి వస్తున్నాడు. ఇప్పుడు రోజుకి నలభై. ఒక్కో చోటా కాసేపు గొణుగుడు, ఆ తర్వాత కాగితం చింపిన చప్పుడు.

"షెడ్డెప్పుడు కడతారయ్యా?" అని అడిగింది చేపలావిడ.

"షెడ్డు కట్టడానికే కదా ఈ నలభై."

"అప్పటిదాకా ఎండకి గొడుగైనా ఇస్తారా, దానికీ నంబరుందా?"

అతను వినిపించుకోలేదు. ఆవిడ కొంగుముడి విప్పి నలభై కట్టింది. యాభై రెండు కంటే ముందు యాభై మూడు వచ్చింది. మొగ్గక్క ఎదురుగా నిలబడి కలం తీశాడు.

"యాభై మూడు. నలభై."

మొగ్గక్క రెండు కిలోలు తూస్తోంది. పళ్లెం కొనేవాళ్ల వైపు వంగేదాకా ఇంకో ఉల్లిపాయ వేసింది. సంచిలో పోసి, డబ్బు తీసుకుని, అప్పుడు తలెత్తింది.

"ఇవ్వను."

"అంటే?"

"ఈ అంకె నేను వేయించుకోలేదు. ఇది వేసినప్పుడు నేనిక్కడ లేను. ఇవ్వను."

"ఇవ్వకపోతే చోటు పోతుంది. అందరూ ఇస్తున్నారు."

"అందరినీ అడుగు. నన్ను లేపాలంటే లేపు. నా అంతట నేను లేవను."

బజారులో బేరాలు ఆగాయి. అతను రసీదు మీద ఏదో గీసుకుని, "సాయంత్రం మనుషులతో వస్తా," అన్నాడు. తర్వాత ఒక అడుగు పక్కకి వేశాడు.

"యాభై రెండు. నలభై."

వదిన ఒడిలోని సంచిలో చెయ్యి పెట్టింది. మరదలి వైపు చూసింది. మొగ్గక్క ఇటు తిరగలేదు. ముందున్న కుప్పలోంచి మొలకలొచ్చిన ఉల్లిపాయల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది.

"తొందరగా అమ్మా. ఇంకా యాభై మంది ఉన్నారు."

వదిన చెయ్యి సంచిలోనే ఉంది. వరసలో మిగిలిన ఆడవాళ్లంతా ఆ చేతినే చూస్తున్నారు.